కొస దాకా చేరని నాళం

పుట్టే మగపిల్లల్లో సుమారు 250 నుంచి 300 మందికి ఒకరిలో మూత్రద్వారం ఉండవలసిన చోట ఉండదు. శిశ్నం కొసన ఉండవలసిన రంధ్రం కింది వైపుకు జరిగి ఉంటుంది. ఎక్కువమందిలో అది కొసకు కొంచెం దిగువనే ఉంటుంది. కొందరిలో శిశ్నం మధ్యలో, మరికొందరిలో వృషణాల సంచి దగ్గర, ఒక్కోసారి ఇంకా వెనక ఉంటుంది. దీనికి తోడు శిశ్నం కిందికి వంగి ఉండవచ్చు. సున్తీలో తీసేసే ముందు తోలు పైవైపు ముసుగులా వేలాడుతూ, అడుగు వైపు మాత్రం ఉండదు. ఈ స్థితిని వైద్యులు హైపోస్పాడియాస్ అంటారు. గ్రీకులో ‘హైపో’ అంటే కింద, ‘స్పాడోన్’ అంటే చీలిక.

అనువాదాలు చేసే నాలాంటివాళ్ళకు ఈ మాట దగ్గర కలం ఆగిపోతుంది. గ్రహణం మొర్రికి తెలుగులో అందరికీ తెలిసిన పేరుంది. దానికంటే ఎక్కువమందిలో కనిపించే ఈ లోపానికి అలాంటి పేరు లేదు. ఇంట్లో ఎవరూ పైకి చెప్పుకోని విషయానికి పేరు ఎలా పుడుతుంది? అయితే నింద మాత్రం రెండింటికీ ఒకటే. గ్రహణం పూట కత్తిపీట ముట్టుకుందనో, తినకూడనిది తిన్నదనో తల్లినే అంటారు. అసలు ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ఆ తర్వాత ఈ లోపాన్ని సరిచేయడానికి మనిషి చేసిన ప్రయత్నాల కథలోకి వెళ్దాం. ఆ కథకు దాదాపు రెండు వేల ఏళ్ళ వయసుంది.

గర్భంలో 7 వారాలదాకా ఆడపిండానికీ మగపిండానికీ బయటి జననాంగాలు ఒకేలా ఉంటాయి. ఆ తర్వాత మగపిండంలోని వృషణాలు టెస్టోస్టిరాన్ అనే హార్మోనును తయారుచేయడం మొదలుపెడతాయి. మొదట్లో వాటిని ఆ పనికి పురికొల్పేది మాయ నుంచి వచ్చే మరో హార్మోను. టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము ఇంకా శక్తిమంతమైన డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుస్తుంది. బయటి అవయవాల రూపాన్ని దిద్దేది ఇదే. దీని ప్రభావంతో శిశ్నం అడుగున ఉన్న గాడి అంచులు రెండూ వెనక నుంచి ముందుకు, జిప్పు లాగినట్టు, కలుసుకుంటూ వస్తాయి. గాడి గొట్టమవుతుంది. ఆ గొట్టమే మూత్రనాళం. ముఖ్యమైన పనంతా సుమారు 8 నుంచి 14 వారాల మధ్య సాగుతుంది. జిప్పు ఎక్కడ ఆగిపోతే రంధ్రం అక్కడే మిగిలిపోతుంది.

మగ అవయవాలు తయారు కావాలంటే వృషణాల నుంచి ఆజ్ఞ రావాలని రుజువు చేసినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ జోస్ట్. తల్లి కుందేలు గర్భంలో ఉన్న పిండాల నుంచి బీజాంగాలను తీసేసి, వాటిని గర్భంలోనే పెరగనిచ్చాడు. అవన్నీ ఆడ రూపంతోనే పెరిగాయి. 1947లో ప్రచురించిన ఈ ఫలితం తర్వాతే హైపోస్పాడియాస్‌ను ఒక చర్మపు చీలికగా కాక, మధ్యలో ఆగిన ఎదుగుదలగా చూడడం సాధ్యమైంది. మాయ సరిగా పనిచేయక బరువు తక్కువగా పుట్టిన పిల్లల్లో ఇది ఎక్కువగా ఎందుకు కనిపిస్తుందో కూడా దీనివల్ల అర్థమవుతుంది. తండ్రికో అన్నకో ఉంటే వచ్చే అవకాశం పెరుగుతుంది. ఎక్కువమంది పిల్లల్లో ఇదీ కారణం అని ఒక్కదాన్ని వేలెత్తి చూపలేరు. కత్తిపీటకు మాత్రం ఇందులో ఏ పాత్రా లేదు.

కోసెయ్యడమే వైద్యమైన రోజులు

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ జంతువుల పుట్టుక గురించిన తన గ్రంథంలో ఇలాంటి మగపిల్లలను ప్రస్తావించాడు. వాళ్ళు కూర్చునే మూత్రం పోయాలనీ, వృషణాలు పైకి లాగుకుని ఉంటే దూరం నుంచి చూసేవారికి రెండు లింగాల అవయవాలూ ఉన్నట్టు కనిపిస్తారనీ రాశాడు. ఈ రెండో మాటను గుర్తుపెట్టుకోండి. తర్వాత దాని అవసరం వస్తుంది.

క్రీస్తుశకం 1, 2 శతాబ్దాల్లో హీలియోడోరస్, ఆంటిల్లస్ అనే గ్రీకు వైద్యులు చెప్పిన చికిత్స వింటే ఒళ్ళు జలదరిస్తుంది. రంధ్రం కొసకు దగ్గరగా ఉంటే, రంధ్రానికి ముందున్న భాగాన్ని కోసెయ్యాలి. అప్పుడు రంధ్రమే కొస అవుతుంది! నెత్తురు ఆపడానికి వెనిగర్, దానికీ ఆగకపోతే కాల్చిన ఇనుము. రంధ్రం బాగా వెనక ఉంటే నయం కాదని వదిలేయమన్నారు. చక్రవర్తి జూలియన్ వైద్యుడైన ఒరిబాసియస్ 4వ శతాబ్దంలో వీరి పద్ధతులను గ్రంథస్థం చేశాడు. 7వ శతాబ్దంలో ఏజినాకు చెందిన పాల్ కూడా ఇంచుమించు అదే చెప్పాడు. స్పెయిన్‌లోని కార్డోవా దగ్గర 1000వ సంవత్సరం ప్రాంతంలో రాసిన అల్ జహ్రావీ కూడా కొసను కలం ములుకు చెక్కినట్టు చెక్కమన్నాడు. 1465లో టర్కీలోని అమాస్యాలో సబున్జువోలు అనే వైద్యుడు బొమ్మలతో రాసిన శస్త్రచికిత్స గ్రంథంలో కూడా ఈ లోపానికి చోటు దొరికింది. ఒక తప్పు చికిత్స గ్రంథం నుంచి గ్రంథానికి, భాష నుంచి భాషకు వెయ్యేళ్ళ పైచిలుకు ప్రయాణం చేసింది. అనువాదకులు అందులో పాలుపంచుకున్నారని ఒప్పుకోక తప్పదు.

వీళ్ళందరి మధ్య గేలెన్ ఆలోచన వేరుగా కనిపిస్తుంది. 2వ శతాబ్దపు ఈ వైద్యుడు కత్తికంటే ముందు కారణాన్ని వెతికాడు. ఇలాంటివారికి పిల్లలు పుట్టకపోవడం బీజంలో లోపం వల్ల కాదనీ, శిశ్నం వంగి ఉండడంతో బీజం చేరవలసిన చోటికి సూటిగా చేరకపోవడం వల్లననీ తర్కించాడు. అంటే అసలు అడ్డంకి వంపు. ఈ మాటను సర్జన్లు పట్టించుకోవడానికి మరో 1600 ఏళ్ళు పట్టింది.

ముక్కు నేర్పిన పాఠం

చర్మాన్ని పూర్తిగా వేరుచేయకుండా, ఒక వైపు కాడలా అతికి ఉండనిచ్చి, పక్కకు తిప్పి మరోచోట కుట్టవచ్చు. కాడలోంచి రక్తం అందుతుంది కనుక అది బతుకుతుంది. ఈ ఫ్లాప్ పద్ధతికి మూలం మన దేశంలోనే ఉంది. సుశ్రుత సంహితలో తెగిన ముక్కును చెంప చర్మంతో సరిచేసే విధానం ఉంది. టిప్పు సుల్తాను సైనికులు ముక్కు కోసిన కోవాస్‌జీ అనే బండి తోలేవాడికి పూనా ప్రాంతంలో నుదుటి చర్మంతో కొత్త ముక్కు చేసిన వైనం 1794లో లండన్‌లోని ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’లో అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్పూ 1814లో లండన్‌లో ఆ ఆపరేషన్ చేశాడు. అక్కడినుంచి యూరప్ అంతా ఫ్లాపులు నేర్చుకుంది.

విచిత్రమేమంటే, ముక్కు ఆపరేషన్లలో పేరుమోసిన బెర్లిన్ సర్జన్ డీఫెన్‌బాఖ్ 1830లలో హైపోస్పాడియాస్‌కు ఫ్లాప్ వాడలేదు. కొసన చిల్లు పొడిచి, లోపల గొట్టం పెట్టి, దాని చుట్టూ పొర ఏర్పడుతుందని ఎదురుచూశాడు. ఆ దారి నిలవలేదు. చెవి కుట్టించుకున్నాక పుల్ల తీసేస్తే చిల్లు పూడుకుపోవడం మీరు చూసే ఉంటారు. శరీరం తాను కట్టని దారిని మూసేయడానికే చూస్తుంది.

1842లో అమెరికాలోని వర్జీనియాకు చెందిన మెటావర్ వంపును సరిచేయడానికి చర్మం కిందినుంచి వరుసగా కోతలు పెట్టి బిగువు విడిపించే పద్ధతిని ప్రచురించాడు. గేలెన్ మాటకు అప్పటికి ఆచరణ దొరికింది. 1846లో ఈథర్ మత్తు వచ్చాక కదలకుండా పడుకున్న రోగి మీద తీరిగ్గా పనిచేయడం సాధ్యమైంది. అంతకుముందు చిన్నపిల్లవాడి మీద గంటసేపు సన్నటి కుట్లు వేయడమన్నది ఊహకు కూడా అందని పని.

తర్వాతి పెద్ద అడుగు పారిస్‌లో పడింది. సిమోన్ దుప్లే 1874లో పనిని మూడు అంచెలుగా విడదీశాడు. మొదట వంపు తీయడం, తర్వాత అడుగు చర్మంతో కొత్త గొట్టం చేయడం, చివర పాత నాళాన్ని కొత్తదానితో కలపడం. 1880లో ఆయన చెప్పిన ఇంకో మాట ముఖ్యమైనది. గొట్టాన్ని చుట్టూ పూర్తిగా చుట్టకపోయినా ఫరవాలేదు. ఒక చర్మపు పట్టీని లోపల ఉంచి, పైన రెండు వైపుల చర్మాన్ని కప్పి కుడితే, మిగిలిన పొరను శరీరమే పెంచుకుంటుంది. ఈ మాట కూడా చాలాకాలం మరుగున పడింది. 1949లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన డెనిస్ బ్రౌన్ చేతుల్లో తిరిగి వెలుగులోకి వచ్చింది. కుట్ల మీద లాగుడు పడకుండా ఆయన పూసలు, లోహపు స్టాపులు కూడా వాడాడు. చాలా దేశాల్లో సర్జన్లు ఈ ‘పూడ్చిన పట్టీ’ పద్ధతిని ఏళ్ళ తరబడి అనుసరించారు.

గొట్టంలో వెంట్రుకలు

గొట్టానికి చర్మం ఎక్కడినుంచి తేవాలి? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ మూడు వందలకు పైగా పద్ధతులు పుట్టాయని అంటారు. ఏ పద్ధతీ అందరికీ సరిపోలేదని ఆ సంఖ్యే చెబుతోంది.

19వ శతాబ్దపు చివర, 20వ శతాబ్దపు మొదట కొందరు వృషణాల సంచి చర్మాన్ని వాడారు. అది దగ్గరలోనే దొరుకుతుంది, సాగుతుంది, రక్తం బాగా అందుతుంది. పిల్లవాడు ఇంటికి వెళ్ళేటప్పుడు ధార బాగుంటుంది, కుట్లు మానుతాయి, సర్జన్ సంతోషిస్తాడు. పన్నెండు, పదమూడేళ్ళ తర్వాత ఆ పిల్లవాడికి యుక్తవయసు వస్తుంది. సంచి చర్మం ఎక్కడున్నా సంచి చర్మమే కదా! మూత్రనాళం లోపల వెంట్రుకలు మొలుస్తాయి. వాటి మీద లవణాలు పేరుకుని రాళ్ళు కడతాయి, పుండు పడుతుంది. ఆపరేషన్ చేసిన సర్జన్‌కు ఈ సంగతి చాలాసార్లు తెలియనే తెలియదు. అప్పటికి ఆయన రిటైరయి ఉంటాడు, లేదా రోగి వేరే ఊళ్ళో వేరే డాక్టరు దగ్గర ఉంటాడు. ఈ చరిత్ర చదువుతుంటే నాకు పదేపదే తగిలిన విషయం ఇదే. సర్జన్ లెక్కలో విజయం వారాల్లో తేలుతుంది, పిల్లవాడికి అది పదిహేనేళ్ళకు గానీ తేలదు.

లియాన్‌కు చెందిన నోవే-జోసెరాన్ 1897లో మరోచోటినుంచి పలచగా తీసిన చర్మాన్ని గొట్టంగా చుట్టి లోపలికి దూర్చాడు. పలచటి గ్రాఫ్ట్ కాలక్రమంలో ముడుచుకుపోతుంది, దారి ఇరుకవుతుంది. 1941లో బ్రిటిష్ సర్జన్ హంబీ నోటి లోపలి పొరను వాడాడు. ఆలోచిస్తే ఇది చాలా తెలివైన ఎంపిక. నోటి పొర ఎప్పుడూ తడిలో ఉండడానికి అలవాటుపడింది, మందంగా ఉంటుంది, వెంట్రుకలు మొలవవు, తీసిన చోట త్వరగా మానుతుంది. అయినా 1980ల చివరిదాకా దీన్ని పెద్దగా ఎవరూ అందుకోలేదు. ఇప్పుడు క్లిష్టమైన కేసుల్లో సర్జన్లు మొదట చూసేది నోట్లోకే. పెద్దవాళ్ళలో గుట్కా, ఖైనీ నమిలే అలవాటుంటే ఆ పొర పాడై పనికిరాకుండా పోతుందని మన దేశపు సర్జన్లకు బాగా తెలుసు.

ఆగ్రా నుంచి ఒక పద్ధతి

అంచెలంచెలుగా చేసే ఆపరేషన్లంటే ఒకే పిల్లవాడికి మూడుసార్లు మత్తు, మూడుసార్లు ఆసుపత్రి, మూడుసార్లు ఖర్చు. అందుకని 1960, 70లలో అందరి దృష్టీ ఒకే అంచెలో పని ముగించడం మీద పడింది. అమెరికాలో హార్టన్, డివైన్, ఆ తర్వాత హాడ్జ్‌సన్ ఈ దారిలో పనిచేశారు. 1971లో ఆగ్రాకు చెందిన హరిశంకర్ అసోపా తన సహచరులతో కలిసి ఒక పద్ధతిని ప్రచురించారు. పైవైపు వేలాడే ముందు తోలు లోపలి పొరను గొట్టంగా చుట్టి, దానికి రక్తం అందించే బయటి చర్మంతో సహా అడుగు వైపుకు తిప్పారు. ఆ లోపలి పొరకు వెంట్రుకలు ఉండవు, పలచగా, మెత్తగా ఉంటుంది. 1980లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి సర్జన్ జాన్ డకెట్ ఇదే పొరను దాని రక్తనాళాల కాడతో విడదీసి తిప్పే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. అసోపా పేరు పాఠ్యగ్రంథాల్లో నిలిచింది. పెద్దవాళ్ళ మూత్రనాళం ఇరుకును సరిచేసే మరో పద్ధతి కూడా, 2001లో ప్రచురించినది, ఆయన పేరుతోనే చలామణీలో ఉంది.

దీనివల్ల ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసిన నియమం ఒకటి వచ్చింది. హైపోస్పాడియాస్ ఉన్న బిడ్డకు ఆపరేషన్‌కు ముందు సున్తీ చేయించకూడదు. సర్జన్‌కు కావలసిన ముడిసరుకు ఆ తోలే. టర్కీలో ఇలా పుట్టిన పిల్లవాడికి ప్రవక్త సున్తీ చేసినట్టు భావించి అదృష్టంగా తలచడం ఉంది. ఆ నమ్మకం పిల్లవాడికి ఒక రకంగా మేలే చేస్తుంది, తోలు మిగులుతుంది!

1974లో గిట్స్, మెక్‌లాలిన్ అనే ఇద్దరు, ఆపరేషన్ బల్ల మీదే సెలైన్ ఎక్కించి శిశ్నాన్ని తాత్కాలికంగా గట్టిపరచి వంపు నిజంగా పోయిందో లేదో చూసే చిట్కా చెప్పారు. మాటకు చిన్నదే అయినా, అంతదాకా వంపు మిగిలిందన్న సంగతి పిల్లవాడు పెద్దయ్యాక గానీ బయటపడేది కాదు. 1994లో వారెన్ స్నోడ్‌గ్రాస్ మరో అడుగు వేశారు. రంధ్రానికి ముందు, గొట్టం కావలసిన చోట మిగిలిన గాడి మధ్యలో నిలువుగా ఒక కోత పెడితే అది వెడల్పవుతుంది. అప్పుడు దాన్నే చుట్టి గొట్టం చేయవచ్చు. కోత పెట్టిన చోట కొత్త పొర పెరుగుతుంది. 1880లో దుప్లే చెప్పిన మాట ఇది మూడోసారి తలెత్తడం. కొసకు దగ్గరగా రంధ్రం ఉన్న కేసుల్లో ప్రపంచమంతటా ఇప్పుడు ఎక్కువగా చేసేది ఈ ఆపరేషనే.

మగబిడ్డా, ఆడబిడ్డా?

అరిస్టాటిల్ రెండో మాటకు వద్దాం. 1974లో ‘సైన్స్’ పత్రికలో జూలియన్ ఇంపెరాటో-మెగిన్లీ బృందం డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక గ్రామపు పిల్లల గురించి రాసింది. తీవ్రమైన హైపోస్పాడియాస్‌తో పుట్టిన ఆ పిల్లలను ఆడపిల్లలుగా పెంచారు. యుక్తవయసులో వాళ్ళ గొంతు బొంగురుపోయింది, కండలు పెరిగాయి, శిశ్నం ఎదిగింది. వాళ్ళలో లోపించినది 5-ఆల్ఫా రిడక్టేజ్ ఎంజైము. ఈ పరిశోధన నుంచే ఆ ఎంజైమును అడ్డుకునే మందు ఆలోచన బలపడింది. ప్రోస్టేటు వాపుకు వాడే ఫినాస్టెరైడ్ 1992లో వచ్చింది. గర్భిణులు ఆ మాత్ర ముక్కలను చేత్తో కూడా ముట్టుకోకూడదని ఎందుకంటారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

అందువల్ల హైపోస్పాడియాస్‌తో పాటు వృషణాలు కూడా సంచిలో చేతికి తగలకపోతే, డాక్టర్లు తొందరపడి మగబిడ్డ అని ప్రకటించరు. క్రోమోజోములు, హార్మోన్లు, రక్తంలో లవణాలు పరీక్షిస్తారు. అడ్రినల్ గ్రంథి లోపంతో మగరూపం దాల్చిన ఆడశిశువు కూడా అచ్చం ఇలాగే కనిపించవచ్చు. అలాంటి బిడ్డకు మొదటి రెండు, మూడు వారాల్లో ఒంట్లో ఉప్పు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పరీక్షల ఫలితం వచ్చాక కూడా కత్తి పట్టుకోవడానికి తొందరేమీ లేదు. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మధ్యలింగ శిశువుల అవయవాలను ఒక లింగానికి సరిపెట్టే శస్త్రచికిత్సలను నిషేధించమని చెప్పింది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం ప్రాణాపాయ పరిస్థితిలో తప్ప అవి చేయరాదని ఉత్తర్వు ఇచ్చింది. మామూలు హైపోస్పాడియాస్ ఈ కోవలోకి రాదు. కానీ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది అన్నిసార్లూ తేలిక కాదు.

పదిహేనేళ్ళ తర్వాత

ఆపరేషన్ ఏ వయసులో? అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1975లో మూడేళ్ళు దాటాక అన్నది, 1996లో 6 నుంచి 12 నెలల మధ్య మంచిదన్నది. మత్తు సురక్షితం కావడం, జుట్టు కంటే సన్నటి దారాలు, పెద్దదిగా చూపే కళ్ళద్దాలు ఈ మార్పుకు తోడ్పడ్డాయి. పసివాడికి ఆ బాధ జ్ఞాపకం ఉండదు, డైపర్‌లో గొట్టం పెట్టుకుని వారం గడిపేస్తాడు. మన దేశంలో బడికి వెళ్ళే వయసులో, తోటిపిల్లలు ఏడిపించాక డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ తక్కువేం కాదు.

కొసకు దగ్గరి కేసుల్లో ఎక్కువమంది ఒక్క ఆపరేషన్‌తో బాగుపడతారు. వెనక రంధ్రం ఉన్నవారి కథ వేరు. కుట్టు పక్కన చిల్లు పడి మూత్రం కారడం, దారి ఇరుకు కావడం, వంపు తిరిగి రావడం సాధారణం. 2010 తర్వాత పెద్ద పెద్ద ఆసుపత్రులు పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి ప్రచురించిన కొన్ని లెక్కల్లో, తీవ్రమైన కేసుల్లో సగానికి పైగా పిల్లలకు ఏదో ఒక చిక్కు వచ్చింది. అంతకుముందు లెక్కలు అంత బాగుండడానికి ఒక కారణం, ఎక్కువకాలం చూడకపోవడమే.

1989లో బ్రిటిష్ సర్జన్ ఐవార్ బ్రాకా చిన్నప్పుడు ఆపరేషన్ చేయించుకున్న 213 మందిని, పెరిగాక, వాళ్ళ అభిప్రాయం అడిగి ఒక వ్యాసం రాశారు. డాక్టర్లు బాగుందనుకున్నది రోగులకు అన్నిసార్లూ బాగా అనిపించలేదు. పని ఒక్కటే చాలదు, రూపం కూడా తమకు ముఖ్యమన్నారు. 1995లో జర్మనీలోని మైంజ్‌లో ఫిష్ట్నర్ బృందం ఇంకో ప్రశ్న అడిగింది. మామూలు మగవాళ్ళలో రంధ్రం నిజంగా ఎక్కడుంటుంది? 500 మందిని కొలిచి చూస్తే సరిగ్గా కొసన ఉన్నది 55 శాతంలోనే. 13 శాతంలో హైపోస్పాడియాస్ ఉంది. వాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు! తేలికపాటి కేసుల్లో ఆపరేషన్ అసలు అవసరమా, పిల్లవాడు పెద్దయి తానే నిర్ణయించుకుంటే పోదా అన్న వాదన అప్పటినుంచి బలపడింది. నా మటుకు నాకు, ధార సూటిగా పడి వంపు లేని బిడ్డ విషయంలో ఆ వాదన సబబుగానే తోస్తుంది. వంపు ఉన్న బిడ్డకు మాత్రం వాయిదా వేయడం వల్ల ఒరిగేది లేదు.

ఆపరేషన్ అయిన పిల్లలను యుక్తవయసు దాటేదాకా మధ్యమధ్య చూపించమని ఇప్పుడు సర్జన్లు చెబుతున్నారు. అప్పుడు ధార వేగం కొలుస్తారు, వంపు చూస్తారు, కుర్రవాడితో విడిగా మాట్లాడతారు. ఏ పద్ధతిలో చేశారో, చర్మం ఎక్కడినుంచి తీశారో రాసి ఉన్న డిశ్చార్జి కాగితాన్ని తల్లిదండ్రులు జాగ్రత్త చేయాలి. పదిహేనేళ్ళ తర్వాత కొత్త డాక్టరు మొదట అడిగేది దాన్నే.